తాబేలు తాత చేసిన నిదానపు విమానం

గుట్ట కింద బడికి సెలవులిచ్చారంటే గుట్ట మీద జంతువులకు పండగే. పిల్లలు చింపి పారేసిన నోటుపుస్తకాల కాగితాలు గాలికి పైకి కొట్టుకొస్తాయి. వాటితో విమానాలు చేసి విసరడం, అవి పోయిన దిక్కుకు మందంతా కేకలేస్తూ పరిగెత్తడం అక్కడి ఆట. ఆటకు పెద్ద నక్క బావ. అతని విమానం సూదిలా సన్నగా ఉండేది, విసిరితే రెప్ప వేసేలోగా వాగు దాటేది.

తాబేలు తాతకు మాత్రం మిగిలేది దుమ్ము. ఆయన మెడ బయటపెట్టి "ఎటు పోయిందర్రా?" అని అడిగేసరికి అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. ఎవరికీ ఆయన మీద కోపం లేదు. ఆయన సంగతే గుర్తు లేదు, అదే ఇంకా బాధ. ఒక్కసారి ఒక్కరైనా తన పక్కన నడిస్తే చాలనుకునేవాడు.

'వాళ్ళ వేగం నేనెలాగూ అందుకోలేను. విమానాన్నే నా వేగానికి తెస్తే?' అని ఒకరోజు తోచింది.

చీర మడతల్లో పెట్టే పల్చటి కాగితం ఒకటి ఏరుకున్నాడు. రెక్కలు బాగా వెడల్పు పెట్టాడు. తోక బరువై వెనక్కి పడితే ముక్కు దగ్గర మడతలు పెంచాడు. ఈసారి ముక్కు నేలకు గుచ్చుకుంటే వెనక అంచు గోరంత పైకి వంచాడు. తొమ్మిది రోజులు పట్టింది. చివరికది తాపీగా తేలుతూ దిగింది, తాత దాని కిందే నడిచాడు. "బాగుంది కదూ!" అని పక్కకు తిరిగాడు. పక్కన ఎవరూ లేరు.

మర్నాడు దాన్ని ఆట దగ్గరికి తెచ్చాడు.

"దీనిక్కూడా మోకాళ్ళ నొప్పులా తాతా?" అన్నాడు నక్క బావ. మందంతా నవ్వింది.

"ఎవరిది ఎక్కువసేపు గాలిలో ఉంటుందో చూద్దాం. నేను గెలిస్తే ఇవాళంతా మీరు నా విమానం వెంట నడవాలి."

"ఓడితే?" అంది కుందేలు.

"మళ్ళీ మీ ఆట దగ్గరికి రాను," అన్నాడు తాత.

నక్క బావ ఆ వెడల్పు రెక్కలు చూసి, అది ఎక్కువసేపు తేలుతుందని పసిగట్టాడు. "సరే, కానీ విమానాలు మార్చుకుందాం. నీది నాకివ్వు, నాది నువ్వు విసురు."

"అదేం న్యాయం బావా?" అంది కుందేలు.

"ఆటకు పెద్ద నేనా, నువ్వా?"

తాత కాదనలేదు. "దాన్ని విసరకు నాయనా. ఊరికే వదిలెయ్, చాలు."

"చూశారా, నన్ను ఓడించడానికి నాకే పాఠం చెబుతున్నాడు!" అని నక్క బావ బలమంతా పెట్టి విసిరాడు. విమానం నిట్టనిలువుగా లేచి, పల్టీ కొట్టి, తిరిగొచ్చి అతని ముక్కుకే తగిలి కింద పడింది. తాత విసిరిన సూది విమానం ఇంకా గాలిలోనే ఉంది.

తాత నలిగిన రెక్కలు సరిచేసి తన విమానాన్ని మెల్లగా వదిలాడు. ఇచ్చిన మాట ప్రకారం మందంతా దాని కింద నడిచింది.

"తాతా, నువ్వుండేది ఎక్కడ?" అని కుందేలు అడిగింది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట. తాత చెప్పడం మొదలుపెట్టాడు. సగంలోనే విమానం నేలకు దిగింది. ఇక వెళ్ళిపోతారని ఆయన మెడ లోపలికి లాక్కున్నాడు.

"మళ్ళీ వదులు తాతా, ఇంకా చెప్పలేదుగా," అంది కుందేలు.

నక్క బావ మాత్రం అప్పటికే, తాత విసిరిన తన సూది విమానం వెంట అలవాటుగా వాగు దాకా పరిగెత్తాడు. అక్కడ నిలబడి చాలాసేపు చూశాడు. ఎవరూ రాలేదు.

పక్కన తోడు కావాలంటే, నలుగురూ కలిసి నడవగలిగినంత నిదానంగా పోవాలి.