నట్టింట్లోకి వచ్చిన పొయ్యి

ఇలా రా తల్లీ, ఈ అమ్మమ్మ పక్కన పడుకో. దుప్పటి కప్పుకో. తలుపు మాత్రం వెయ్యకు. హాల్లో మీ నాన్న కూర్చున్నాడని నాకు తెలుసు. వినపడనీ. ఇవాళ కథ కొంచెం గట్టిగానే చెబుతాను.

ఇందాక నువ్వడిగావే, అమ్మ బాల్కనీలో బట్టల మిషను పక్కన నిలబడి ఎందుకు తింటోందని? వాన జల్లు మీద పడుతున్నా లోపలికి ఎందుకు రాదని? మీ నాన్న గుడ్డు తినడు కాబట్టి. ఆయనకి వాసన పడదు కాబట్టి. అందుకని మీ అమ్మ ఆ కరెంటు పొయ్యి బయటికి మోసుకుపోయి, వండుకుని, తిని, గిన్నె తోమి, మళ్ళీ లోపలికి మోసుకొస్తుంది. మొన్న నేను వేయించిన గాజులు గలగలమంటుంటే నాకు ఈ మంచం మీదికి వినపడుతుంది. వింటుంటే నా ఒళ్ళు మండిపోతుంది.

సరే, కథ విను.

అనగనగా, సముద్రపు గాలి తగిలేంత దగ్గర్లో ఉన్న ఒక ఊళ్ళో కోటిలింగం అని ఒక రైతు ఉండేవాడు. ఆయన భార్య నాంచారమ్మ. వాళ్ళకి ఒక్కతే కూతురు, పేరంటాలు.

వాళ్ళ వంటింట్లో రెండు పొయ్యిలు ఉండేవి. ఒకటి మట్టి పొయ్యి. దాని మీద అన్నం, పప్పు. రెండోది మూడు నల్ల రాళ్ళు పేర్చిన పొయ్యి. దాని మీద చేపల కూర. కోటిలింగానికి చేపంటే ప్రాణం. ముల్లు కూడా చప్పరించి గానీ వదిలేవాడు కాదు.

అలా ఉండగా, నలభై ఏళ్ళు దాటాక ఆయనకి భజనల మీద మనసు పోయింది. మెడలో తులసి మాల వేసుకున్నాడు. "ఇవాల్టి నించి నేను నీచు ముట్టను" అన్నాడు.

మంచిదే. నాకేం కోపం లేదు. ఎవరి నోరు వాళ్ళది. నాంచారమ్మ కూడా సంతోషించింది. ఆయనకి బీరకాయ పప్పులో వేసేది, గోంగూర వెల్లుల్లి వేసి నూరేది. కమ్మగా తినేవాడు.

అప్పుడు ఒక రోజు కోటిలింగం అన్నాడు, "ఏమే, నా పప్పు ఉడికే పొయ్యి పక్కనే నీ చేపలు ఉడకటం ఏం బాగాలేదు. ఆ రాళ్ళు పెరట్లోకి మార్చు."

నాంచారమ్మ సరేనంది. రాయి ఒక్కోటి ఎంతుందనుకున్నావ్? నీ అంత బరువుంటుంది. ఒక్కోటీ పొట్టకి ఆనించుకుని, గాజులు గలగలమంటుండగా పెరట్లోకి మోసింది. గిన్నెలు కూడా వేరు చేసింది. నీచు గిన్నెలు వేరు, పప్పు గిన్నెలు వేరు. చింతపండుతో ఒకసారి, బూడిదతో ఒకసారి తోమేది. మరి ఆయనో? పళ్ళెం ముందు కూర్చుని, గిన్నె అంచు వాసన చూసి, "ఊఁ" అనేవాడు. అదీ ఆయన పడ్డ కష్టం.

ఊళ్ళో వాళ్ళేమో "కోటిలింగం ఎంత నిష్ఠగలవాడో" అనుకునేవాళ్ళు. గిన్నెలు తోమిన చేతుల సంగతి ఒక్కళ్ళూ అనలేదు.

ఆ తర్వాత, తూర్పు గాలి మళ్ళింది. కోటిలింగం పంచలో కూర్చుని అన్నం తింటుంటే పెరట్లోంచి పులుసు వాసన వచ్చింది. ఒంటికాలి మీద లేచాడు. "నా ముద్ద నోట్లోకి పోనివ్వరా మీరు? ఆ రాళ్ళు గొడ్ల చావిడి వెనక్కి తీసుకుపో. ఇంకో మాట, నీచు తిన్నవాళ్ళు తల మీద నీళ్ళు పోసుకుంటే గానీ ఇంట్లోకి రావటానికి లేదు."

నాంచారమ్మ మళ్ళీ మోసింది. పెరట్లోంచి చావిడి వెనక్కి, పేడ తొక్కుకుంటూ మోసింది. వండటానికి అక్కడికి వెళ్ళటం, తిని తల మీద నీళ్ళు పోసుకోవటం. చలికాలం వచ్చేసరికి రొంప పట్టుకుని వదల్లేదు. చివరికి ఆవిడ చేప తినటమే మానేసింది. అలవాటు పోయి కాదమ్మా, ఆ చాకిరీ చెయ్యలేక. దాన్ని కూడా కోటిలింగం తన గొప్పే అనుకున్నాడు. "మా ఆవిడ కూడా మారిందండీ" అని భజనలో చెప్పుకున్నాడు.

పళ్ళు కొరుకుతున్నానా? కొరకనీ.

అప్పుడు పేరంటాలు మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత పిల్ల. కానీ పేరంటాలికి పాలు పడలేదు. పిల్ల చప్పరించి చప్పరించి గుక్క పట్టి ఏడ్చేది. ఆవు పాలు పడితే కక్కేసేది. రోజురోజుకీ పిల్ల గొంతు సన్నబడిపోతోంది.

మా వైపు బాలింతకి పాలు చాలకపోతే సొర పుట్టు పెడతారు. సొర చేపని ఉడకబెట్టి, తోలు తీసి, చేత్తో పొడిపొడిగా చిదిమి, ఉల్లిపాయా వెల్లుల్లీ వేసి వేయిస్తారు. వేడి వేడి అన్నంలో కలిపి పెడతారు. నాంచారమ్మ రేవుకి మనిషిని పంపి ఒక పిల్ల సొర తెప్పించింది.

కోటిలింగం కళ్ళెర్ర చేశాడు. "రేపు మనింట్లో భజన. వచ్చినవాళ్ళందరికీ భోజనాలు మనింట్లోనే. ఈ గడపలో సొర ఉడికితే నేను తలెత్తుకోగలనా?"

"మరి పిల్లకి పాలు?" అంది నాంచారమ్మ.

"కాలవ గట్టు మీద వండుకో. అమ్మాయి కూడా తిన్నాక తల స్నానం చేసే లోపలికి రావాలి. మాటంటే మాటే."

పచ్చి బాలింతకి, కాలవ నీళ్ళ స్నానం! ఎవరి నోటికైనా వస్తుందా ఆ మాట? ఆయన నోటికి వచ్చింది. నీచు ముట్టని నోరు కదా, దానికేమీ అంటదనుకున్నాడు.

నాంచారమ్మ ఆ నీళ్ళు కూతురి ఒంటి మీద పడనివ్వదల్చుకోలేదు. అందుకని పేరంటాల్నీ పసిపిల్లనీ గొడ్ల చావిట్లో గడ్డి పరిచి పడుకోబెట్టింది. సొంత ఇల్లు ఎదురుగా ఉండగా, గేదెల పక్కన! ఆ తర్వాత మూడు రాళ్ళూ మూడోసారి ఎత్తింది. కాలవ గట్టు దాకా మోసింది. మర్నాడు పొద్దున్నే సగం సొర చావిట్లో ఉట్టి మీద దాచి, సగం పట్టుకుపోయి పొయ్యి వెలిగించింది.

పుట్టు తయారయ్యే వేళకి, గట్టు మీదుగా భజన వాళ్ళు తాళాలు వాయించుకుంటూ వచ్చారు. ముందు కోటిలింగం. ఆయనకి ముందు వాసన తగిలింది, ఆ తర్వాత భార్య కనపడింది. పదిమందిలో తల కొట్టేసినట్టయింది ఆయనకి.

ఆయన ఏం చేశాడో తెలుసా? చేత్తో ముట్టుకుంటే మైల కదా! చేతికర్రతో దాకని తోశాడు. దాక గట్టు మీంచి దొర్లి కాలవలో పడింది. పుట్టు తెల్లగా నీళ్ళ మీద తేలింది. చిన్న చిన్న పరిగె చేపలు వచ్చి తినేశాయి. పసిపిల్ల తాగాల్సిన పాలన్నమాట అవి.

భజన వాళ్ళు తల దించుకుని నడిచిపోయారు. కోటిలింగం వాళ్ళతో కలిసి ఇంటికి వెళ్ళి, విస్తళ్ళు వేయించి కూర్చోబెట్టాడు.

నాంచారమ్మ ఏడవలేదు. ఏడ్చే పనైతే ఎప్పుడో ఏడ్చేది. కాలవలో గోనె సంచి తడిపింది. కాలుతున్న రాయిని అందులో చుట్టి ఎత్తింది. పెరటి గుమ్మం వైపు పోలేదు. వీధి గుమ్మంలోంచి తిన్నగా లోపలికి వచ్చి, విస్తళ్ళ మధ్య, నట్టింట్లో ఆ రాయి దించింది. నేల చుయ్యిమంది.

మళ్ళీ వెళ్ళి రెండో రాయి తెచ్చింది. మళ్ళీ వెళ్ళి మూడో రాయి తెచ్చింది. మూడోది దించేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి, గాజులు సగం పగిలిపోయాయి. ఆ తర్వాత చావిట్లోంచి కూతురి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, గోడవారగా చాప మీద కూర్చోబెట్టింది. ఉట్టి మీద దాచిన సొర తెచ్చింది. పొయ్యిలో పుల్లలు పెట్టింది.

"నీకు మతి పోయిందా?" అని కోటిలింగం అరిచాడు.

ఎప్పుడూ మొగుణ్ణి "మీరు" అనే మనిషి, ఆ రోజు "నువ్వు" అంది.

"నోరు కట్టుకున్నది నువ్వు. అరిగింది నా చేతులు. నువ్వు మాల వేసుకుంటే నేను రాళ్ళు మోశాను. గిన్నెలు తోమాను. చలిలో తల తడుపుకున్నాను. నా నోరు చంపుకున్నాను. అదంతా పోనీలే అనుకున్నాను. కానీ ఆకలితో ఏడ్చే పసిగుడ్డుకి కూడా నీ నియమం పెడతావా? ఇంక నా వల్ల కాదు. నీకు ఈ రాళ్ళు ఇక్కడ అడ్డమనిపిస్తే, ఎక్కడ బాగుంటుందో అక్కడికి నువ్వే మోసుకో. నేను మాత్రం ముట్టను. నీ పప్పు కూడా నువ్వే వండుకో."

కోటిలింగం భజన వాళ్ళ వైపు చూశాడు, ఎవరన్నా తన పక్క మాట్లాడతారేమోనని. వాళ్ళలో అందరికంటే పెద్దావిడ చుక్కమ్మ. పుట్టి బుద్ధెరిగాక నీచు ముట్టని మనిషి. ఆవిడ విస్తరి ముందు నించి లేచింది. వెళ్ళిపోతుందనుకున్నారు అందరూ. ఆవిడ తిన్నగా వచ్చి, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గొట్టంతో మంట ఊదింది.

"ఒరే కోటిలింగం," అంది, "మా ఇంట్లో అందరూ తింటారు. నాకు వాసన పడదు, నేను లేచి పక్కకి పోతాను. వాళ్ళని పొమ్మనను. నా పప్పు నేనే వండుకుంటాను. నీకు చేతుల్లేవుట్రా?"

కోటిలింగం పక్కకి తప్పుకున్నాడు.

పేరంటాలు నట్టింట్లో, గోడకి ఆనుకుని, పొగలు కక్కే అన్నంలో పుట్టు కలుపుకుని కడుపునిండా తింది. పక్కనే తల్లి కూర్చుని విసిరింది. రెండు రోజులు అలా గడిచాక పాలు పడ్డాయి. పుట్టు వల్లో, కడుపు నిండటం వల్లో, గేదెల పక్క నించి లేచి తల్లి పక్కకి వచ్చినందువల్లో, నాకు తెలీదు. పిల్ల మాత్రం పాలు తాగి నిద్రపోయింది.

మరి రాళ్ళు? ఆ భోజనాల రోజునే, అందరూ వెళ్ళాక, కోటిలింగం తన చేతులతో ఎత్తాడు. పెరట్లోకి తీసుకుపోదామని మొదటి రాయి ఎత్తి నాలుగడుగులు వేశాడు. నడుం పట్టేసింది. ఆయాసం వచ్చింది. రాయి వైపు చూశాడు, భార్య చేతుల వైపు చూశాడు. పెరటి దాకా పోలేక వంటింటి గడప దాటించి దించేశాడు. రెండోదీ అక్కడే, మూడోదీ అక్కడే. మట్టి పొయ్యి పక్కన, మొదట్లో ఎక్కడుండేవో సరిగ్గా అక్కడే.

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ మాల తియ్యలేదు, చేప తినలేదు. పప్పు తనే వండుకునేవాడు. మొదట్లో మాడ్చేవాడు, మాడిందే తినేవాడు. మనవరాలికి మూడేళ్ళు వచ్చాక, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చేప ముళ్ళు తనే తీసి తినిపించేవాడు. తిన్నాక చెయ్యి కడుక్కునేవాడు. అంతే.

మనవరాలు ఎవరంటావా? నేనే. కాలవలో పోయిన ఆ పాలు నావి తల్లీ. కోటిలింగం మా తాత, నాంచారమ్మ మా అమ్మమ్మ. అందుకే నాకింత కోపం. ఆ రాళ్ళు మోయటం మా అమ్మమ్మతో అయిపోయిందనుకున్నాను. ఇన్నేళ్ళకి నా కూతురు బాల్కనీలోకి పొయ్యి మోస్తుంటే చూస్తూ ఊరుకోనా? మీ నాన్నని గుడ్డు తినమన్నానా నేను? అననే అనలేదు.

ఉష్, ఉండు. టీవీ ఆగిపోయింది కదూ? ఎవరో బాల్కనీ తలుపు తీస్తున్నారు. ఏదో బరువు ఎత్తుతున్న చప్పుడు. నీ చెవులు చిన్నవి, బాగా వినపడుతుంది. గాజుల చప్పుడేమైనా వినపడుతోందా?

లేదా? సరిగ్గా విన్నావా?

అయితే మోస్తున్నది మీ అమ్మ కాదన్నమాట.

కథ నడిచి కంచికి పోయె,
పొయ్యి నడిచి ఇంటికి చేరె,
నా కోపం సగం చల్లారె,
నీ కళ్ళు పూర్తిగా మూతపడె.