చీటీ మూలన చుక్క

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పడం కంటే పని అప్పజెప్పడం జోగారావు మాస్టారికి అలవాటు. జ్వరం సాయంత్రాలే ఎందుకు పెరుగుతుందని అడిగిన ఓ అమాయకుడు మూడు రోజులపాటు థర్మామీటరు పట్టుకుని వార్డులోనే కాపరం పెట్టాడు. అందుకని ఉప్పుటేరు ఒడ్డున ఉన్న ఆ ధర్మాసుపత్రిలో కుర్ర డాక్టర్లు తమ పెద్ద డాక్టరైన మాస్టారిని ఏదైనా అడగాలనుకుంటే ముందు సెలవు కాగితం రాసి జేబులో పెట్టుకునేవారు.

హేమచంద్ర ఆ జాగ్రత్త మరిచిపోయాడు. ఆనందంలో ఉన్నాడు మరి. ఆసుపత్రి గుమ్మంలో అతను పెట్టించిన యంత్రానికి సరిగ్గా పదిహేను రోజులు నిండాయి. రోగి పేరు, వయసు, ఉండే కాలనీ, బాధ చెప్పినా నొక్కినా చాలు, అది చీటీ ఇస్తుంది. ఎరుపు వస్తే వెంటనే లోపలికి, పసుపైతే గంటలో, ఆకుపచ్చైతే వంతు వచ్చినప్పుడు. దానికి బుద్ధి రావాలని ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళుగా పేరుకున్న పాత చీటీలన్నీ ఎక్కించాడు. ఎనిమిది నెలలు పట్టింది. గుమాస్తాలు మధ్యమధ్య వచ్చి “ఇదేంటండీ, అదేంటండీ” అని అడుగుతుంటే, తల ఎత్తకుండానే “ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి” అనేవాడు.

ఆ ఉదయం మాస్టారి గదిలోకి వెళ్ళి, కూర్చోకుండానే అడిగాడు. “మాస్టారూ, మనిషన్నాక కులం చూస్తాడు, చీర చూస్తాడు, చెప్పులు చూస్తాడు. యంత్రానికి ఆ గొడవ లేదు. అది గుమ్మంలో ఉంటే ఇక వివక్ష అన్న మాటే ఉండదు కదా?”

మాస్టారు కళ్ళజోడు మీదుగా చూశారు. “తెల్లకోటు విప్పు. ఇవాళంతా ఆకుపచ్చ చీటీల బల్ల మీద కూర్చో.”

“ఏం చూడాలి మాస్టారూ?”

“కూర్చోమన్నాను గానీ చూడమన్నానా?”

బల్ల ఇరుకు. ఫ్యాను తిరిగేది గోడకోసం. హేమచంద్ర పది నిమిషాల్లో నాలుగుసార్లు గడియారం చూశాడు, రెండుసార్లు లేచి మళ్ళీ కూర్చున్నాడు. పక్కనున్న ఆవిడ కాస్త జరిగి చోటిచ్చింది. ఉప్పు మడుల్లో పనిచేసే మనిషని చేతులే చెబుతున్నాయి. వేళ్ళ సందుల్లో పగుళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి.

“నీకూ ఆకుపచ్చేనా నాయినా? సదువుకున్నోడిలాగున్నావు, నీకెందుకొచ్చింది ఈ రంగు?” అని నవ్వింది. పేరు పైడమ్మట. “కుదురుగా కూకో. అలాగ కాళ్ళూపితే వరస ముందుకు జరగదు.”

“నీకేం బాధమ్మా?”

“దవడ లాగేస్తన్నాది. పొద్దుటినుంచీ సెవటలు. పన్నేమో అనుకున్నాను, పన్ను గట్టిగానే ఉన్నాది.”

హేమచంద్ర కాళ్ళు ఊపడం ఆపాడు. అంతలో గుమ్మం దగ్గర బ్యాంకు కాలనీ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన దవడ పట్టుకుని, చెమటలు పడుతున్నాయని చెప్పాడు. యంత్రం ఎర్ర చీటీ ఇచ్చింది. చక్రాల కుర్చీ వచ్చింది, మనిషి లోపలికి వెళ్ళిపోయాడు.

“ఆ బాబుది గొప్ప దవడ,” అంది పైడమ్మ, కొంగుతో మెడ తుడుచుకుంటూ. “ఇదివరకు రంగులు లేవులే. సీటీ మూలన సుక్క పెట్టీవోరు. సుక్క పడిందంటే ఆఖర్న. మా మడుల కాలనీ ఆడోళ్ళకి సుక్క పడని రోజు లేదు.”

హేమచంద్ర లేచి యంత్రం దగ్గరికి పరిగెత్తాడు. పైడమ్మ చీటీలో ఉన్నవన్నీ మళ్ళీ నొక్కాడు. ఆకుపచ్చ. ఇంకోసారి నొక్కాడు. ఆకుపచ్చే. అప్పుడు పేరూ వయసూ బాధా అలాగే ఉంచి, మడుల కాలనీ తీసేసి బ్యాంకు కాలనీ అని పెట్టాడు. యంత్రం క్షణం కూడా ఆలోచించకుండా ఎర్ర చీటీ చేతిలో పెట్టింది.

కుర్చీ దొరకలేదు. పైడమ్మను చేతులమీద ఎత్తుకున్నాడు. ఆవిడ గింజుకుంది. “దింపు బాబూ, దింపు! నా వరస పోద్ది!”

అది గుండెపోటు. “ఇంకో గంట ఆ బల్ల మీదే ఉంటే...” అని గుండె డాక్టరు చేతులు కడుక్కోవడంలో పడిపోయాడు. సాయంత్రానికి పైడమ్మ కళ్ళు తెరిచి గంజి అడిగింది. తన చీటీ ఎవరైనా జాగ్రత్త చేశారా అని కూడా అడిగింది.

ఆవిడ కుదుటపడింది గానీ, హేమచంద్రకు మాత్రం కాలు ఒకచోట నిలవలేదు. మాస్టారి గదికి వెళ్ళాడు, లేరు. వార్డులన్నీ తిరిగాడు. చివరికి పాత చీటీల గదిలో దొరికారు. ముందు ఓ కట్ట విప్పి పెట్టుకుని ఉన్నారు. అడుగున పసుపెక్కిన చీటీల మూలల్లో పెన్సిలు చుక్కలు.

“ఈ చుక్క ఏమిటి మాస్టారూ?”

“ఉప్పు పని ముమ్మరంగా ఉండే రోజుల్లో మడుల కాలనీ ఆడవాళ్ళు నొప్పులంటూ వచ్చేవారు. పని ఎగ్గొట్టడానికే అనుకున్నాను. పెద్ద జబ్బేం కాదులే, ఆఖర్న చూద్దాం అని గుర్తుకోసం పెట్టేవాణ్ణి.” మాస్టారు గొంతు తగ్గలేదు, పెరగలేదు. “మొదటి చుక్క నాదే.”

హేమచంద్ర చీటీలు గబగబా తిరగేశాడు. ఎవరికి చుక్కపడితే వాళ్ళు ఆఖరని యంత్రం గ్రహించింది. ఏ కాలనీవాళ్ళకు ఎక్కువ పడిందో అది కూడా లెక్కగట్టుకుంది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించాడుగా మరి! పైకి వస్తున్నకొద్దీ పెన్సిలు పోయి సిరా వచ్చింది, చేతులు మారాయి, చుక్క మాత్రం మారలేదు. కట్ట పైభాగానికి వచ్చేసరికి అతని వేలు ఆగిపోయింది. అక్కడ నీలిసిరా చుక్క, దానికి చిన్న తోక. కలం విదిలించి పెట్టే తొందర మనిషి చుక్క అది. ఉద్యోగంలో చేరిన ఏడాది, ముందువాళ్ళు పెడుతున్నారని అతనూ పెట్టాడు. ఎందుకని ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే మాస్టారు ఏ పని చెప్పేవారో!

కూర్చున్నాడు. వెంటనే లేచాడు.

“రేపే ఆ యంత్రాన్ని పీకించేస్తాను మాస్టారూ!”

మాస్టారు కట్టకు తాడు చుట్టి ముడివేశారు.

“పీకించు. ముప్ఫై ఏళ్ళలో నేను చేసింది చేసినట్టు నేర్చుకున్న శిష్యుడు అదొక్కటే. అదీ పోతే, గుమ్మంలో కూర్చోవడానికి మళ్ళీ మనిద్దరమే కదా మిగిలేది?”