కాదనలేని తవిటయ్య

జైలు నుంచి విడుదలై, మత్తు మానుకోవాలని వచ్చేవారి కోసం విజయనగరం దాటాక ఒక కొండ వాలులో అచ్యుతయ్యగారు ఆశ్రమం నడిపేవారు. ఆయన శిష్యుడు ఉమాపతి మనస్తత్వ శాస్త్రం చదివినవాడు. ఒక ఉదయం అతను అడిగాడు: "గురువుగారూ, ఎవరు బాగుపడతారో, ఎవరు పడరో స్వభావం చూసి ముందే చెప్పగలమా?"

ఆయన వంకాయ నారుకు నీళ్లు పోయడం ముగించి, అక్కడే జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

తవిటయ్య మెతక మనిషి. ఎవరేం అడిగినా కాదనలేడు. స్నేహితులు పీల్చమంటే పీల్చాడు, పొట్లాలు మోయమంటే మోశాడు, చివరికి జైలుకు వెళ్లాడు. గౌరునాయుడు కోపిష్ఠి. మత్తులో ఒకరి చెయ్యి విరగ్గొట్టి శిక్ష అనుభవించి వచ్చాడు. ఒళ్లు నొప్పులతో మెలికలు తిరుగుతున్నా డాక్టరు దగ్గర నోరు విప్పేవాడు కాదు. ఈ ఇద్దరూ నిలబడరనే ఆశ్రమంలో అందరూ అనుకునేవారు.

ఒక మధ్యాహ్నం తవిటయ్య పాత నేస్తం మోటార్ సైకిల్ మీద వచ్చి గేటు బయట ఆగాడు. జేబులోంచి గంజాయి పొట్లం తీసి, "రారా, అలా తిరిగొద్దాం" అన్నాడు. తవిటయ్య తల వంచుకుని బండెక్కాడు.

గేటు పక్కన కట్టెలు కొడుతున్న గౌరునాయుడు గొడ్డలితోనే పరుగెత్తాడు. ఇక రక్తం చూడక తప్పదనుకున్నారు వాకిట్లోంచి చూస్తున్న అచ్యుతయ్యగారు. కానీ అతను గొడ్డలి విసిరేసి, బండి ముందు మట్టిలో కూలబడ్డాడు.

"తవిటీ, ఆ వాసనకి నా ఒళ్లంతా వణికిపోతంది. నువ్వెళ్తే నీ ఎనకాలే నేనూ వచ్చెత్తాను. నా వల్ల కావట్లేదు. నా కోసం ఆగిపోరా."

ఎవరి ముందూ తల వంచని మనిషి ఏడుస్తున్నాడు. తవిటయ్య అతని మొహంలోకి చూశాడు. కాదనడం తనకు ఎన్నడూ చేతకాలేదు. నేస్తం తన చొక్కా పట్టి లాగుతున్నా బండి దిగాడు. గౌరునాయుణ్ణి లేపి, భుజం పట్టుకుని లోపలికి నడిపించాడు.

తరవాత ఇద్దరూ మళ్లీ మత్తు జోలికి పోలేదు. గౌరునాయుడు ఊళ్లో వడ్రంగం చేస్తున్నాడు, ఇప్పటికీ కోపిష్ఠే. తవిటయ్య ఆశ్రమంలో వంట చేస్తున్నాడు, ఎవరు ఏ కూర అడిగితే ఆ కూర.

"అయితే వాళ్లను నిలబెట్టింది ఏ గుణమంటారు?" అన్నాడు ఉమాపతి.

"నాకు తెలియదు నాయనా. వాళ్లిద్దరూ గేటు దాటి లోపలికి వస్తుంటే మాత్రం, నేను చెప్పులు విడిచి పక్కకు నిలబడ్డాను."