పెంటమ్మ చేటలో ముద్ద

నమ్మనివాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళండి. చెప్పులు అరుగు కిందే ఉన్నాయి. సగం విన్నాక లేవాలన్నా కాళ్ళు కదలవు, ఆ తర్వాత నన్ననకండి.

అనగనగా సుద్దలపాడు. ఆ ఊరికి దేవుడు కొండ ఇవ్వలేదు. ఊరివాళ్ళే ఒకటి పోసుకున్నారు, చెత్తతో. పోసి, పోసి, పోసి ఎంత ఎత్తు చేశారంటే, మబ్బులు దానికి గుద్దుకుని పక్కూళ్ళో కురిసేవి. గద్దలు సగం దాకా ఎగిరి, ఆయాసం తీర్చుకుని, మిగతా సగం ఎగిరేవి.

ఆ కుప్ప మీద దొర్లిన బిడ్డ పెంటమ్మ. ఆమెకి ముందు పుట్టినవాళ్ళంతా పురిట్లోనే పోయారు. అందుకని ఈ బిడ్డను చెత్త మీద దొర్లించి, పక్కింటావిడ చేత చేటెడు తవుడుకి కొనిపించి, పెంటమ్మ అని పేరు పెట్టారు. యముడు చెత్త అనుకుని ముక్కు మూసుకుని పోతాడని నమ్మకం. పోయాడు కూడా. పెంటమ్మ పెరిగి, వీధులూడ్చి, మనవల్నెత్తింది. ఆమె చీపురు ఒక్క విసురు విసిరితే దుమ్ము వెళ్ళి సముద్రంలో పడేది.

"కుప్ప మా అమ్మ" అనేది పెంటమ్మ. ఊరు నవ్వేది.

ఒకనాడు పంచాయతీ ప్రెసిడెంటు వీరభద్రయ్య దండోరా వేయించాడు. చెత్త తిని గ్యాసిచ్చే తొట్టి కడుతున్నాం, ఆ గ్యాసుతో వీధి దీపాలు వెలుగుతాయి అని. కట్టారు. ఏనుగుల మంద ఈదులాడేంత తొట్టి. బండ్లకొద్దీ చెత్త పోశారు. దీపం వెలగలేదు. మళ్ళీ పోశారు. వెలగలేదు. మూడోసారి పోస్తే తొట్టి దగ్గి, ఒక పాత చెప్పు ఉమ్మింది.

వీరభద్రయ్యకి విసుగొచ్చింది. "తడిచెత్త వేరుగా ఇవ్వమంటే ఒక్కరూ ఇవ్వరు. దసరాకి దీపం వెలగకపోతే తొట్టి పూడ్చేస్తాం. ఇక్కడ చోటు లేదు గనక చెత్తంతా దిగువవాడ పక్కన పోయిస్తాం."

పెంటమ్మ గుడిసె దిగువవాడలోనే ఉంది.

"మా ఇళ్ళ మీదా అయ్యా?"

"పక్కన."

"అంత కుప్ప ఒరిగితే పక్కేదో పైనేదో దానికి తెలుస్తుందా?"

"నీకలవాటే గదా పెంటమ్మా. పుట్టగానే పడుకున్నదానివి."

"నేను లేచొచ్చాను. నా మనవలు దాని కింద పడితే లేవరు."

ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పెంటమ్మ చీపురు వదిలి, తనను కొన్న ఆ పాత చేట చంకన పెట్టుకుని బయల్దేరింది. ఊళ్ళోకెల్లా నోరున్న ఓబులమ్మ గుమ్మంలో నిలబడింది.

"మా అమ్మకి ముద్ద పెట్టు తల్లీ."

ఓబులమ్మ చెత్తబుట్ట తెచ్చి చేటలో బోర్లించబోయింది. తొక్కలు, మాడు అన్నం, పగిలిన గాజులు, బ్లేడు. పెంటమ్మ చేట వెనక్కి లాక్కుంది.

"ముద్దలో బ్లేడా ఓబులమ్మా? మీ అత్తకీ ఇలాగే పెడతావా?"

"ధైర్యం చాలక గానీ" అంది లోపల్నుంచి అత్త.

వీధి వీధంతా పకపకా నవ్వింది. అడిగినవాళ్ళకి ముద్దలో బ్లేడు పెట్టిన ఇల్లనిపించుకోవడం కంటే చావు నయం. ఓబులమ్మ అక్కడే చతికిలబడి బ్లేడు తీసింది, గాజులు తీసింది, ముల్లు దాకా తీసింది. మిగిలింది చేటలో పెట్టింది. పెంటమ్మ దాన్ని తీసుకెళ్ళి తొట్టిలో వేసింది.

ఇక ఇంటింటికీ అదే పిలుపు. మా అమ్మకి ముద్ద. మా అమ్మకి ముద్ద. మా అమ్మకి ముద్ద. ఎవరి ముద్ద శుభ్రమో చూసుకుందామని ఆడవాళ్ళలో పంతం పుట్టింది. ఒకావిడ ఏకంగా వేడి గారెలు పెట్టింది. అవి తొట్టి దాకా వెళ్ళలేదు. పెంటమ్మ మూతికి నూనె మాత్రం ఉంది.

తొట్టి తింది. తింది. తింది. దసరా సాయంత్రం ఒక్క త్రేన్పు త్రేన్చింది. మూడూళ్ళ గోడల మీది పిడకలు రాలిపడ్డాయి. వీరభద్రయ్య గొట్టం దగ్గర అగ్గిపుల్ల గీస్తే నీలిమంట లేచి ఆయన ఎడమ మీసం పట్టుకుపోయింది. దీపాలు వెలిగాయి. కోళ్ళు తెల్లారిందని కూశాయి. సూర్యుడు చిన్నబుచ్చుకుని మర్నాడు ఆలస్యంగా వచ్చాడు.

"దిగువవాడ జోలికి రాం పెంటమ్మా" అన్నాడు వీరభద్రయ్య, పోయిన మీసం చోటు చేత్తో కప్పుకుని. ఆమె వినలేదు. దిగువవాడ దీపం కింద మనవలు గోళీలాడుతుంటే చూస్తోంది.

ఏళ్ళు గడిచి పెంటమ్మ పోయింది. కుప్ప తరిగి తరిగి నేలమట్టమైంది. ఇప్పటికీ సుద్దలపాడులో తొక్కలు చేటలో వేస్తూ "పెంటమ్మకి ముద్ద" అంటారు. ఆడపిల్లలకి పెంటమ్మ అని పేరు పెట్టుకుంటారు. దొర్లించడానికి కుప్ప లేదు గనక వీధి దీపం కింద పడుకోబెడతారు.

అబద్ధమంటారా? ఓబులమ్మ ఇంకా ఉంది. అయితే బ్లేడు సంగతి ఆమె ఒప్పుకోదు. ఆమె అత్తనడగండి, ఆవిడా ఉంది. పేరు సుంకులమ్మ.