వాగు దుప్పటి

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. ఉండేది అంటే వానాకాలంలో ఉండేది. ఎండలు ముదిరితే మిగిలేది ఇసుకే. చూసినవాళ్ళు "ఇదేం వాగు, ఉత్త ఇసుకమేట" అని ముక్కు విరిచేవాళ్ళు. విరవనివ్వండి. ఆ ఇసుక కిందే నీళ్ళు దాక్కుని ఉండేవి.

ఆ వాగు పక్కన బతికేవాళ్ళంతా లేనివాళ్ళే. కుందేళ్ళు, ముంగిసలు, కౌజుపిట్టలు, ఒక ముళ్ళపంది. దాహం వేస్తే కాళ్ళతో ఇసుక తోడేవాళ్ళు. లోతుగా తోడితే చల్లటి నీరు ఊరేది. అదే చెలమ. చెలమ దగ్గర వాళ్ళకో పద్ధతి ఉంది. ముందు పిల్లలు తాగాలి. తర్వాత పెద్దలు తాగాలి. వెళ్ళేటప్పుడు చెలమ మీద మోదుగాకులు కప్పి మరీ వెళ్ళాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. ఆకు కప్పకుండా పోయినవాణ్ణి మాత్రం అందరూ తిట్టేవాళ్ళు.

వాగు నడుమ ఒక ఎత్తయిన ఇసుకతిన్నె ఉంది. దాని మీద నూకాలు అనే తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. తీతువు చెట్టెక్కి గూడు కట్టదు. ఇసుకలో చిన్న గుంట చేసి, చుట్టూ గులకరాళ్ళు పేర్చి, ఇదే నా మేడ అనుకుంటుంది. ఆ ఏడు ఎండలు మామూలు ఎండలు కావు. గుడ్లు పెట్టిన కొద్దిరోజులకే నూకాలు మగడు వడగాలికి పడిపోయాడు. ఇక తల్లీ తనే, తండ్రీ తనే. పొద్దెక్కగానే నూకాలు చెలమకి వచ్చేది. పొట్ట ఈకలు నీళ్ళలో ముంచేది. గబగబా వెళ్ళి ఆ తడిపొట్టతో గుడ్ల మీద కూర్చునేది. అలా చల్లబరచకపోతే ఆ ఎండకి గుడ్లు ఉడికిపోతాయి. చెలమలో నీళ్ళుంటే నూకాలుకి పిల్లలుంటారు. లేకపోతే లేరు.

కొండ మీద సంగతి వేరు. అక్కడ ఏనుగు దొరగారు ఉండేవారు. ఆయనకి సొంత మడుగు ఉంది. ఒకప్పుడు ఆ మడుగు చుట్టూ మద్దిచెట్లు పందిరి వేసినట్టు ఉండేవి. దొరగారికి ఒళ్ళు దురదపెడితే ఒక చెట్టు విరిచేవారు. కోపం వస్తే ఇంకొకటి విరిచేవారు. ఏమీ తోచకపోతే మరొకటి. అలా చెట్లు అయిపోయాయి. చెట్లతో పాటు నీడా అయిపోయింది. రాళ్ళు పెనంలా కాలాయి. దొరగారి పాదాలు బొబ్బలెక్కాయి.

"ఈ ఎండలు ఎక్కడినించి వచ్చాయిరా బైరాగీ?" అని దొరగారు తన కొండముచ్చుని అడిగారు.

"కాలం చెడిపోయింది దొరా," అన్నాడు బైరాగి. చెట్లు విరిచింది ఎవరో వాడికి తెలుసు. తెలిసిందంతా చెబితే దొరగారి తోటలో పనసతొనలు దొరకవనీ తెలుసు. "కింద వాగులో మెత్తటి ఇసుక ఉంది. మడుగు చుట్టూ పరుపులా పరిపిస్తాను. దర్జాగా పడుకోండి."

మర్నాడే బైరాగి వాగులోకి దిగాడు. "వినండర్రా! డొప్పెడు ఇసుక కొండకి మోస్తే ఒక పనసతొన!" అని కేకేశాడు.

కుందేళ్ళ పెద్ద పైడయ్య చెవులు నిక్కించాడు. గడ్డి మాడిపోయి ఇంట్లో పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. "ఇసుక మనం తింటామా, కప్పుకుంటామా? పోతే పోయింది," అన్నాడు. మోదుగాకుతో డొప్ప కుట్టి ఇసుక ఎత్తాడు. వాడి వెనక ముంగిసలు ఎత్తాయి. ముళ్ళపంది సింహాచలం కూడా ఎత్తింది. పనసవాసనకి లొంగని ముక్కు ఎక్కడుంది?

నూకాలు తిన్నె మీంచి లేచింది. "తీ! తీ! తీ!" అని అరిచింది.

"విన్నారా? నూకాలు కూడా తీ, తీ అంటోంది! ఇంకా తియ్యండర్రా!" అన్నాడు బైరాగి. అందరూ పడీపడీ నవ్వారు.

తర్వాత వాడు తిన్నె దగ్గరికి వచ్చి పళ్ళికిలించాడు. "వదినా, మేలురకం ఇసుకంతా నీ కిందే ఉంది. కాస్త పక్కకి జరుగు. నీకో పనసపండే ఇప్పిస్తా."

"గుడ్లు జరుగుతాయా మరిదీ? నీ బుర్రంతా ఆ తోకలోకి జారిపోయిందా ఏం?" అంది నూకాలు. "నేను జరగను. పో."

వాడు పోయాడు. ఇసుకా పోతూనే ఉంది. వాగు పల్లమైంది. ఒకరోజు పొద్దున్న పైడయ్య గంతులేస్తూ వచ్చాడు. "ఓలమ్మో! నీళ్ళు! తోడకుండానే నీళ్ళు! వాటంతటవే పైకొచ్చాయి!"

నిజమే. ఇసుక పోయినచోట నీళ్ళు తళతళా మెరుస్తున్నాయి. కుందేలుపిల్లలు దూకి ఆడారు. ముంగిసలు మునిగి లేచాయి. బైరాగి రొమ్ము విరుచుకున్నాడు. "చూశారా దొరగారి చలవ! ఇసుక అడ్డు తీసేసరికి గంగమ్మ నడిచి వచ్చింది!"

ఆ రోజు ఎవ్వరూ ఆకు కప్పలేదు. అంత నీటికి ఎన్ని ఆకులని కప్పుతారు?

నూకాలు పొట్ట తడుపుకుంది. చటుక్కున ఆగింది. పొద్దున్న గోరువెచ్చగా ఉన్న నీరు మధ్యాహ్నానికి వేడెక్కింది. అంచు ఒక జానెడు వెనక్కి పోయింది. ఆమె గొంతెత్తి అరిచింది. "తీ! తీ! ఒరే పైడయ్యా! చెలమకి ఆకు ఎందుకు కప్పుతాంరా?"

"ఎండ తాగెయ్యకుండా," అన్నాడు పైడయ్య.

"మరి ఇసుక చేసిన పనీ అదే కదరా! వాగు కప్పుకున్న దుప్పటి అది. దుప్పటి లాగేసి, నీళ్ళు కనపడ్డాయని చిందులేస్తున్నారా? ఎండకీ కనపడ్డాయి!"

పైడయ్య నోరు తెరిచాడు. బైరాగి వాణ్ణి మాట్లాడనివ్వలేదు. "తీతువు కూస్తే కీడంటారు. శుభమా అని అందరూ నీళ్ళలో ఆడుకుంటుంటే దీని ఏడుపేమిటి? మగణ్ణి మింగింది, ఇప్పుడు మన వాగు మీద పడింది!"

అందరూ ఆ మాటే అందుకున్నారు. "నూకాలూ, నీ నోరు మంచిది కాదు. ముయ్యి," అన్నారు.

నూకాలు కళ్ళు ఎర్రబడ్డాయి. "నా నోరు మంచిది కాకపోతే మీ చెవులు మూసుకోండి. కళ్ళు మాత్రం తెరుచుకోండి," అంది.

బైరాగి రెండోసారి తిన్నె దగ్గరికి వచ్చాడు. ఈసారి వదిన లేదు, పళ్ళికిలింపూ లేదు. "ఆకాశం విరిగి మీద పడుతుందని కాళ్ళు పైకెత్తి పడుకునే జాతి నీది! నువ్వా మాకు బుద్ధి చెప్పేది? దిగు!"

"ఆకాశం సంగతి నేను చూసుకుంటాలే," అంది నూకాలు. "నువ్వు నీ కాళ్ళకింద చూసుకో."

వాడు తిన్నె మీదికి కాలు ఎత్తాడు. నూకాలు రెక్కలు విప్పి ముక్కు మీద ఒక్క పొడుపు పొడిచింది. వాడు ముక్కు పట్టుకుని కొండదాకా వెనక్కి చూడలేదు.

ఎండ మాత్రం ఎవరికీ భయపడదు. తళతళలాడిన నీరు మడుగైంది. మడుగు గుంటైంది. గుంట బురదైంది. ఆ బురద కూడా పగిలి పెంకులైంది. పైడయ్య పిల్లలు పెంకులు నాకారు. పనసతొనలు ఎదురుగా ఉన్నా, నాలిక పిడచకట్టిన నోటికి మింగుడు పడలేదు.

నూకాలు పొట్ట తడవక రెండు పూటలైంది. ఆమె గుడ్లని ముక్కుతో మెల్లగా తట్టింది. మూడింటిలో కదలిక ఉంది. నాలుగోది రాయిలా ఊరుకుంది. మళ్ళీ తట్టింది. ఊరుకుంది.

నూకాలు ఏడవలేదు. ఏడవడానికి నీళ్ళు కావద్దూ? ఆమె తిన్నె దిగి తిన్నగా సింహాచలం దగ్గరికి వెళ్ళింది.

"సింహాచలమక్కా, తవ్వడం నాకు రాదు, నీకొచ్చు. దుప్పటి మిగిలింది నా తిన్నె కిందే. వచ్చి తవ్వు."

సింహాచలం తల దించుకుంది. "నేనూ మోశానే. నేనూ తిన్నానే. ఏ మొహంతో రానే?"

"మొహంతో పనేముంది? గోళ్ళతో రా."

సింహాచలం వచ్చింది. తిన్నె పక్కన తవ్వింది. మోకాలి లోతు పొడి ఇసుకే. ఇంకా తవ్వింది. ఇసుక రంగు మారింది. ఇంకా తవ్వింది. తడి. ఆ తర్వాత, బుడగ్ అని ఒక చిన్న చప్పుడు. చెలమలో నీళ్ళు!

నూకాలు పొట్ట ముంచి పరుగున వెళ్ళి మూడు గుడ్ల మీద కూర్చుంది. సింహాచలం తన ఒంటినుంచి ఊడిన ముళ్ళు తెచ్చి తిన్నె చుట్టూ గుచ్చింది. "దాహంతో తోసుకుంటూ వస్తారు. గుడ్లు తొక్కగలరు," అంది.

వచ్చారు. అందరికంటే ముందు పైడయ్య వచ్చాడు. చెవులు వేలాడుతున్నాయి. "వదినా, నీ నోరు మంచిది కాదన్నాను..."

"నా నోటి సంగతి తర్వాత. పిల్లల నోళ్ళు చూడు. ముందు వాళ్ళని పంపు," అంది నూకాలు.

పిల్లలు తాగారు. పెద్దలు తాగారు. ఆకు కప్పారు. అంతలో నేల దడదడలాడింది. ఏనుగు దొరగారు దిగి వస్తున్నారు. వెనకే బైరాగి. కొండ మీద నీడలేని మడుగుని ఎండ ఎప్పుడో పీల్చేసింది. పరిచిన ఇసుక, గింజలు వేయించే మంగలంలో ఇసుకలా కాలింది. పరుపు కాస్తా పొయ్యి అయింది.

"తప్పుకోండి," అన్నారు దొరగారు. ఎవరూ కదల్లేదు. దొరగారు కాలెత్తి తిన్నె మీద వేశారు.

అంతే. సింహాచలం ముల్లు బొబ్బల పాదంలో కస్సున దిగింది. దొరగారు ఘీంకరించి వెనక్కి పడ్డారు. అడవంతా అదిరింది.

నూకాలు గుడ్ల ముందు రెక్కలు చాచి నిలబడింది. "ఆగండి దొరా! తొండం పెట్టి ఒక్కసారి లాగితే ఈ చెలమ కూలుతుంది. ఈ పూట మీకు గుక్కెడు దొరుకుతుంది. రేపు మీకూ ఉండదు, మాకూ ఉండదు."

"నేను దాహంతో చావాలా?" అన్నారు దొరగారు. గొంతు పీలగా వచ్చింది.

"మనలో ఎవరమూ చావక్కర్లేదు. మీ చెట్లు మీరే విరిచారు. మీకు ఎండ తగిలిందని మా దుప్పటి లాక్కుని పరుపు వేసుకున్నారు. ఆ ఎండకే నా నాలుగో బిడ్డ గుడ్డులోనే పోయాడు. వాణ్ణి మీరు తేలేరు. ఇసుక తేగలరు. ఒక తొండమెడు ఇసుక తెచ్చి పొయ్యండి. ఒక తొండమెడు నీళ్ళు, ఊరుతున్న కొద్దీ మెల్లగా తాగండి. పిల్లలు తాగాక."

"దొరగారు ఇసుక మోయడమా!" అని బైరాగి నోరు వెళ్ళబెట్టాడు.

"పైడయ్య మోశాడుగా! దొరగారి తొండం పైడయ్య వీపుకంటే చిన్నదా?"

ఎక్కడో ఒక కుందేలుపిల్ల కిసుక్కున నవ్వింది. దొరగారు చెలమ వైపు చూశారు. చుట్టూ నిలబడ్డ వాళ్ళని చూశారు. పాదంలో ముల్లు చూసుకున్నారు. కొండ వైపు తిరిగారు.

ఆ సాయంత్రం మొదటి తొండమెడు ఇసుక వాగులో పడింది. ఆ తర్వాత రోజూ పడింది. మోసినవాళ్ళంతా మళ్ళీ మోశారు, ఈసారి కిందికి. బైరాగి కూడా డొప్ప పట్టాడు. "నాకో పనసతొన ఏమన్నా..." అని నసిగాడు.

"నా దగ్గర ముల్లుంది. కావాలా?" అంది సింహాచలం.

వాన వచ్చేసరికి వాగుకి దుప్పటి తయారుగా ఉంది. ఇసుక కడుపునిండా నీళ్ళు తాగి దాచుకుంది. అంతకుముందే మూడు గుడ్లు పగిలాయి. ఇసుకరంగు పిల్లలు మూడు, పుట్టిన పూటే పరుగులు పెట్టాయి. కొండ మీద కొత్త మద్దిమొక్కలు లేచాయి. దొరగారికి ఒళ్ళు దురదపెట్టి ఒకదాని వైపు వెళ్ళారు. మొక్క పక్కన సింహాచలం కూర్చుని ఉంది. దొరగారు బండకి రుద్దుకుని వెళ్ళిపోయారు.

ఇప్పటికీ ఆ వాగులో తీతువు "తీ! తీ!" అని అరిస్తే కీడని ఎవరూ చెవులు మూసుకోరు. కుందేళ్ళన్నీ ఒక్కసారి తలలెత్తుతాయి. "ఎవడ్రా తీసింది? తీసింది మళ్ళీ తే!" అంటాయి.

నీతి: ఒకరి పరుపు కోసం అందరి దుప్పటి ఇచ్చెయ్యకండి, కీడు చెప్పిన నోటిని కాదు, కీడు చేసే చేతిని ఆపండి.