ఓబులేసు దాచిన లెక్క

గుంతకల్లులో చిన్న షెడ్డు పెట్టుకుని లారీ రేడియేటర్లు బాగుచేసే ఓబులేసు మంచి పనివాడే కాని, తన చేతిలో డబ్బు ఎంతుందో ఇంట్లో చెప్పడం చిన్నతనంగా భావించేవాడు.

కూతురు హరిణికి డాక్టర్ కావాలని కోరిక. ఇంటర్‌లో చేరినప్పటి నుంచి, "మెడిసిన్‌కు ఎంతవుతుంది నాయనా? మనకెంత ఉంది?" అని అడిగేది.

"దుడ్డు సంగతి నీకెందుకు పాపా? నువ్వు చదువుకో. నేను లేనా?" అనేవాడు ఓబులేసు. ఆ మాట నమ్మి ఆమె నిశ్చింతగా చదువుకునేది.

నీట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. కాలేజీలను వరుసగా ఎంచుకోవలసిన రోజు హరిణి మళ్లీ అడిగింది. "నా ర్యాంకుకు నెల్లూరు ప్రభుత్వ కాలేజీలో సీటు రావచ్చు. ఖర్చు తక్కువంట, కాని చానా దూరం. ప్రైవేటుది మనకు దగ్గర. ఏది ముందు పెట్టేది?"

ప్రైవేటు కాలేజీకి ఎంతవుతుందో ఓబులేసుకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. "నీకు నచ్చిందే పెట్టుకో" అన్నాడు.

దగ్గరి కాలేజీలోనే సీటొచ్చింది. చేరడానికి వెళ్తే గుమాస్తా ఒక కాగితం ఇచ్చాడు. ఫీజు, హాస్టల్, భోజనం, పుస్తకాలు అన్నీ కలిపి ఏడాదికి మూడు లక్షలు. ఓబులేసు పోస్టాఫీసులో దాచింది లక్షా నలభై వేలు. "ఇప్పుడే వస్తా" అని బయటికి నడిచాడు. ఎంతకీ రాకపోతే హరిణి వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన గోడవైపు తిరిగి ఫోన్‌లో ఎవరినో బతిమాలుతున్నాడు.

"షెడ్డు, సామాన్లు అన్నీ తీసుకో అన్నా. ఎంతిస్తావో నువ్వే చెప్పు."

హరిణి ఫోన్ లాక్కుంది. "షెడ్డు అమ్మితే రెండో ఏడు ఏం కడతావు? నువ్వూ అమ్మా ఏం తింటారు?"

ఓబులేసు గుమాస్తా ఇచ్చిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ముందే చెప్పుంటే నెల్లూరే పెట్టుకునేదాన్ని కదా నాయనా!"

అక్కడి సీట్లు అప్పటికే నిండిపోయాయి. ఇద్దరూ చేరకుండానే బస్సెక్కారు.

వారం రోజులు హరిణి తండ్రితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఓబులేసు పోస్టాఫీసు పుస్తకం తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "ఉండేది ఇంతే పాపా. చెబితే నువ్వు చదువు మీద ఆశ వదులుకుంటావేమోనని భయపడితి" అన్నాడు.

హరిణి కళ్లు తుడుచుకుని కాగితం, పెన్ను తీసింది. ప్రభుత్వ కాలేజీలో చదివే ఒకమ్మాయికి ఫోన్ చేసి, మెస్ బిల్లు నుంచి తెల్లకోటు దాకా అన్నీ అడిగి రాసుకుంది. స్కాలర్‌షిప్‌కు కావలసిన ఆదాయ ధ్రువపత్రం ముందుగానే తెచ్చుకుంది. పోస్టాఫీసులో నెలకు ఎంత వేయగలడో ఓబులేసు నిజం చెప్పాడు. ఒక నెల తక్కువైతే ఆ మాటా చెప్పాడు.

మరుసటి ఏడు మళ్లీ నీట్ రాస్తే ర్యాంకు కొంచెం వెనక్కి పోయింది. సీట్ల కేటాయింపు చివరి విడత దాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ చివరి విడతలోనే నెల్లూరులో సీటొచ్చింది. రెండేళ్ల ఖర్చు చేతిలో పెట్టుకుని హరిణి కాలేజీలో చేరింది.

నీతి: పిల్లల చదువు ఖర్చు పెద్దలు ఒంటరిగా మోసే గుట్టు కాదు, ముందే విచారించి, ఉన్నది ఉన్నట్టు కలిసి మాట్లాడుకున్న ఇంట్లోనే ఆ చదువు నిలుస్తుంది.