పొడుగు కాడ గరిటె

దక్షిణామూర్తికి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. కారణం ఒక సినిమా. ఆ సినిమా అతను చూడలేదు.

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ చిన్న మఠంలో అతను పదిహేనేళ్ళుగా ఉంటున్నాడు. మఠానికి అధిపతి విమలబోధ స్వామి. ఊళ్ళో అందరూ పెద్దస్వామి అంటారు. ఎనభై దాటిన మనిషి. పూజ ఒక్కటీ ఆయనది, మిగతా పనులన్నీ దక్షిణామూర్తివి. పెద్దస్వామి మీద ఈగ వాలినా అతను ఓర్చుకోలేడు.

అలాంటిది ఈగ కాదు, ఏకంగా సినిమానే వచ్చి వాలింది.

సినిమా పేరు 'గరిటె స్వామి'. అందులో ఒక దొంగ స్వామి ఉంటాడు. వాడు పెద్దస్వామిలాగే ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడుస్తాడట. ఎవరేం చెప్పినా పెద్దస్వామిలాగే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఊఁ, తర్వాత?" అంటాడట. జనం పడీపడీ నవ్వుతున్నారట. ఇవన్నీ మోసుకొచ్చి చెప్పినవాళ్ళలో సగం మంది కూడా సినిమా చూడలేదు. టీవీలో దాని గురించి గొంతులు చించుకుంటున్నవాళ్ళూ చూసినట్టు కనిపించలేదు. కోపం రావడానికి సినిమా చూసి తీరాలన్న నియమం ఏమీ లేదు కదా.

ఆ మధ్యాహ్నం అతను ఒక కాగితం పట్టుకుని పెద్దస్వామి గదిలోకి వెళ్ళాడు.

"స్వామీ, దీని మీద తమరు సంతకం పెట్టాలి."

"ఏమిటది?"

"ఆ సినిమా మన ఊళ్ళో ఆపెయ్యాలని. పెద్దలందరూ పెట్టారు. మీది ఒక్కటి పడితే రేపటి నుంచి ఆట ఉండదు."

"ఊఁ, తర్వాత?"

ఆ మాట వినగానే దక్షిణామూర్తికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదిహేనేళ్ళుగా తన కష్టసుఖాలన్నీ ఈ రెండు మాటల ముందే చెప్పుకున్నాడు. వాటిని పట్టుకుని ఊరూరా నవ్వుతున్నారు.

"ఆ వేషం వేసినవాణ్ణి రేపు పొద్దున్న మఠానికి పట్టుకొస్తారు. గడప ముందు ముక్కు నేలకు రాయిస్తారు. ఇంక జన్మలో మొహానికి రంగు పూసుకోనని అందరి ముందూ ఒట్టు పెట్టిస్తారు. అదంతా ఇందులో రాశాను."

"ఎవరు వేశారు వేషం?"

చెప్పడం ఇష్టం లేకపోయినా చెప్పాడు. "మన సిద్దలింగం."

పెద్దస్వామి దిండు వదిలి నిటారుగా కూర్చున్నారు. "మన సిద్దలింగమా! వాడికి సినిమాలో వేషం దొరికిందా? నాతో ఒక్కరూ చెప్పలేదేం?"

సిద్దలింగం పగటివేషాలవాడు. ఏటా కోతలు అయ్యాక ఊళ్ళోకి దిగి, పది రోజులు రోజుకో వేషం కట్టేవాడు. ఒకరోజు సోమయాజి, ఒకరోజు ఫకీరు, ఒకరోజు కరణం. ఎవరి ముంగిట్లో నిలబడి వాళ్ళనే వెక్కిరించేవాడు. పదకొండో రోజు రంగు కడిగేసుకుని, బోసి మొహంతో అవే ఇళ్ళకి బియ్యానికి వచ్చేవాడు. వెక్కిరింత పడ్డ మనిషే లేచి వచ్చి, "వేషం కుదిరింది" అని తన చేత్తో బియ్యం పొయ్యాలి. అది ఆనవాయితీ. కొందరు నవ్వుతూ పోసేవాళ్ళు, కొందరు పళ్ళు నూరుతూ పోసేవాళ్ళు. పొయ్యకుండా తలుపేసుకున్నవాళ్ళు మాత్రం లేరు.

ఇరవయ్యేళ్ళ కిందట ఒకసారి పెద్దస్వామి వేషమే కట్టి మఠానికి వచ్చాడు. పెద్దస్వామి తన పీట మీద వాణ్ణి కూర్చోబెట్టి, తాను ఎదురుగా నేల మీద కూర్చుని చూశారు.

ఇప్పుడు వేషాలు చూసేవాళ్ళు లేరు. సిద్దలింగం బస్టాండులో సోడాలు కొడుతూ బతుకుతున్నాడు. అరవయ్యేళ్ళు వచ్చాక ఎవరో సినిమావాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. అతనికి అది మొదటి సినిమా. రేపు ఆ కాగితం పని చేస్తే ఆఖరిది కూడా.

"మఠం బియ్యం తిన్నవాడు స్వామీ," అన్నాడు దక్షిణామూర్తి. "బయటివాడైతే పోనీలే అనుకుందును. అందుకే నా కడుపు రగిలిపోతోంది."

"నువ్వు చూశావా సినిమా?"

"రామ రామ! నేనెందుకు చూస్తాను?"

"నాకు చూడాలని ఉంది," అన్నారు పెద్దస్వామి, చేతికర్ర కోసం తడుముకుంటూ. "చూడకుండా సంతకం ఎలా పెట్టను? వెళ్ళి ఆటో పిలువు."

దక్షిణామూర్తి ఎంత నచ్చజెప్పినా లాభం లేకపోయింది. కాషాయం మీద శాలువా కప్పుకుని పెద్దస్వామి మ్యాట్నీకి బయల్దేరారు. ఆయన్ని చూసి హాలు గేటు దగ్గర మనిషికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. వెనక మెత్తటి కుర్చీలు చూపించబోయాడు. చూపు సరిగా ఆనదు కాబట్టి పెద్దస్వామి ముందు వరసలోనే కూర్చుంటానన్నారు. శిష్యుడు పక్కన కూర్చుని తల మీద తువ్వాలు కప్పుకున్నాడు.

తెర మీదికి సిద్దలింగం కాలు ఈడుస్తూ వచ్చాడు. ఒక్కడూ నవ్వలేదు. అసలు స్వామి ముందు వరసలో ఉన్నాడని అందరికీ తెలిసిపోయింది. ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. వెనకెక్కడో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

దొంగ స్వామి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఊఁ, తర్వాత?" అన్నాడు.

పెద్దస్వామి పకపకా నవ్వారు.

ఇంకేముంది, హాలు టాపు లేచిపోయింది.

"అచ్చం నాలాగే ఉన్నాడు కదూ?" అన్నారాయన శిష్యుడి మీదికి వంగి. "నేను నిజంగానే అంతసేపు చెవి పట్టుకుని కూర్చుంటానా?"

"లేదు స్వామీ," అన్నాడు దక్షిణామూర్తి. అది అబద్ధం.

కాసేపటికి గరిటె వచ్చింది. దొంగ స్వామి తీర్థం ఇస్తున్నాడు. కారు దిగి వచ్చినాయనకి దగ్గరగా పిలిచి, చిన్న ఉద్ధరిణితో ఆప్యాయంగా అరచేతిలో పోశాడు. ఆ వెనక కూరగాయల గంపతో ఒకావిడ వచ్చింది. ఆవిడకి మూరెడు కాడ ఉన్న గరిటె తీశాడు. ఆ వెనక సిమెంటు మరకల చొక్కాతో ఒకతను వచ్చాడు. అతనికి బారెడు కాడ. అలా మనిషి మనిషికీ కాడ పొడుగవుతూ పోయింది. ఆఖరికి ఇద్దరు శిష్యులు కాడని భుజాల మీద మోస్తుంటే, గరిటె గేటు దాటి, రోడ్డు దాటి, బస్సుల మధ్య నుంచి వెళ్ళి, అవతలి పక్క నిలబడ్డ ముసలమ్మ చేతిని చేరింది.

జనం పొట్టలు పట్టుకున్నారు. ఈసారి పెద్దస్వామి నవ్వలేదు. మెడ ముందుకు చాచి, కళ్ళు చికిలించి, కొత్త వస్తువేదో చూస్తున్నట్టు చూశారు.

దక్షిణామూర్తికి తువ్వాలు కింద చెవులు వేడెక్కాయి.

తిరిగి వస్తుంటే ఆటోలో పెద్దస్వామికి ఒకటే ఆలోచన. "అంత పొడుగు కాడ దేంతో చేశారంటావు? కర్రా, రేకా?"

"తెలీదు స్వామీ."

"కాలు నాదే. చెవి నాదే. అవి వాడు నన్ను చూసి నేర్చుకున్నాడు. గరిటె ఎవర్ని చూసి నేర్చుకున్నాడో!"

దక్షిణామూర్తి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. మఠం మలుపు వచ్చింది.

"అలాంటిది మన దగ్గర ఒకటి ఉంది స్వామీ," అన్నాడు చివరికి. "ఇత్తడిది."

పెద్దస్వామి చేతికర్ర తీసుకుని ఆటో దిగారు.

అది ఆయనకి తెలిసే అవకాశం లేదు. మూడేళ్ళ కిందట కంటికి ఆపరేషన్ అయినప్పుడు, జనం మధ్యకి రావద్దని డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి పూజ ముగియగానే ఆయన లోపలికి వెళ్ళిపోయేవారు. తీర్థం ఇవ్వడం దక్షిణామూర్తి పని అయింది. జనం మీద పడుతున్నారని అతను అడ్డంగా ఇనప కమ్మీ పెట్టించాడు. కమ్మీ అవతలికి చెయ్యి అందడం లేదని పొడుగు కాడ గరిటె చేయించాడు. అందులో తప్పేమీ కనిపించలేదు. తెలిసినవాళ్ళు వస్తే మాత్రం కమ్మీకున్న చిన్న గేటు తీసి లోపలికి పిలిచి, ఉద్ధరిణితో పోసేవాడు. ఎందుకో గాని అతనికి తెలిసినవాళ్ళందరూ కార్లలోనే వచ్చేవాళ్ళు.

కిందటి మాఘమాసంలో సిద్దలింగం వచ్చి కమ్మీ అవతల నిలబడ్డాడు. తీర్థం పుచ్చుకున్నాక కూడా కదల్లేదు. గరిటె వంకే చూస్తున్నాడు.

"ఏం చూస్తున్నావయ్యా?" అని అడిగాడు దక్షిణామూర్తి.

"కొలత చూసుకుంటన్నా సామీ," అన్నాడు సిద్దలింగం. అప్పుడా మాట ఎవరికి పట్టింది?

ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చి కోపం తగ్గలేదు సరికదా, రెట్టింపయింది. స్వామిని వెక్కిరించాడని కదా రెండు రోజులు పస్తున్నది! ఆ కాగితం చింపేద్దామని ఒకసారి అనిపించింది. మళ్ళీ జాగ్రత్తగా మడత పెట్టుకున్నాడు.

మర్నాడు పూజ వేళకి మఠం నిండిపోయింది. జెండాలు పట్టుకున్నవాళ్ళు కొందరు, వేడుక చూద్దామని వచ్చినవాళ్ళు చాలామంది. రోజూ వచ్చే పూలమ్మే వెంకాయమ్మ కూడా తన చోట తాను నిలబడి ఉంది. ఊరి పెద్ద వీరభద్రయ్య ముందు నడుస్తుంటే వెనకాల సిద్దలింగాన్ని తీసుకొచ్చారు. మొహానికి రంగు లేదు. చొక్కాకి పై బొత్తాం తెగి ఉంది.

"తెచ్చాం స్వామీ," అన్నాడు వీరభద్రయ్య. "తమరు సంతకం పెట్టేస్తే మిగతాది మేం చూసుకుంటాం."

"ముందు తీర్థం," అన్నారు పెద్దస్వామి. ఆ రోజు ఆయన లోపలికి వెళ్ళలేదు. "దక్షిణామూర్తీ, ఆ గరిటె ఇలా ఇవ్వు. ఇవాళ నేనిస్తాను. నువ్వు అవతల నిలబడు."

దక్షిణామూర్తి ఇత్తడి గరిటె తెచ్చి ఇచ్చి, కమ్మీ అవతలికి వెళ్ళి జనంలో నిలబడ్డాడు. అటువైపు నుంచి ఆ చోటు అతను ఎప్పుడూ చూడలేదు. పెద్దస్వామి చాలా దూరంగా కనిపించారు. కుడి అరచెయ్యి గుంటలా పట్టి చాపాడు.

పెద్దస్వామి గరిటె ముంచి చాపారు. ముసలి చెయ్యి వణికింది. తీర్థం సగం దారిలోనే ఒలికిపోయింది.

మళ్ళీ ముంచారు. ఈసారి గరిటె కమ్మీకి తగిలి, నీళ్ళన్నీ ఇనుము మీద పడ్డాయి.

మూడోసారి గరిటె శిష్యుడి చేతి దాకా వచ్చి వంగింది. అందులో చుక్క మిగల్లేదు. దక్షిణామూర్తి అలవాటు కొద్దీ ఆ పొడి చేత్తోనే తల నిమురుకున్నాడు.

"మంది ఎక్కువైన రోజున మాకూ అంతే బాబూ," అంది వెంకాయమ్మ పక్క నుంచి. ఓదార్చడానికే అంది పాపం.

పెద్దస్వామి సిద్దలింగం వైపు తిరిగారు. ఆయన మొహంలో కోపం లేదు. నిన్న హాల్లో కనిపించిన ఆశ్చర్యమే ఇంకా ఉంది.

"ఒరే, నిన్న చూశాను. నీ గరిటె రోడ్డు దాటి వెళ్ళింది. ఒక్క చుక్క కింద పడలేదు. నాకు మూడు మూరలే చేతకావడం లేదు. ఎలా పట్టావురా?"

సిద్దలింగం భయం భయంగా చుట్టూ చూసి చేతులు కట్టుకున్నాడు. "అందులో నీళ్ళు పొయ్యలేదు సామీ. ఒట్టి గరిటే. దూరం నుంచి చూసేవోళ్ళకి ఉన్నట్టే కనపడుద్ది."

"ఓహో," అన్నారు పెద్దస్వామి. తల ఊపి, చేతిలో ఉన్న గరిటెని ఒకసారి తిప్పి చూసి కింద పెట్టారు. "సరే, ఆ కాగితం చదువు నాయనా. నాకు అక్షరాలు ఆనవు. విని సంతకం పెడతాను."

దక్షిణామూర్తి రొంటిన ఉన్న కాగితం తీసి విప్పాడు. అది తన చేత్తో రాసిందే. ప్రతి మాటా ఏరి ఏరి పెట్టాడు.

"'పరమ పవిత్రమైన తీర్థాన్ని నలుగురిలో నవ్వులపాలు చేసిన వ్యక్తి, ఈ మఠం గడప ముందు...'"

అక్కడితో ఆగిపోయాడు. జెండాలవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

పెద్దస్వామి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"ఊఁ, తర్వాత?"

దక్షిణామూర్తి కాగితం మడిచాడు. చిన్న గేటు తీసుకుని లోపలికి వెళ్ళాడు. మళ్ళీ వచ్చేటప్పుడు అతని చేతిలో మానిక నిండా బియ్యం ఉన్నాయి. గేటు వెయ్యకుండా అలాగే వదిలేసి, సిద్దలింగం ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

సిద్దలింగానికి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక గబగబా కండువా తీసి పట్టాడు.

"వేషం కుదిరింది," అన్నాడు దక్షిణామూర్తి, బియ్యం పోస్తూ.